డెస్క్‌టాప్ చూసొద్దామని అమీర్‌పేట వెళ్ళాను

మా తణుకులో ఎవరైనా హైదరాబాదు వెళ్ళొస్తే చార్మినార్ ఎక్కావా, బిర్యానీ తిన్నావా అని అడుగుతారు. నన్నూ అడిగారు. చార్మినార్ ఎక్కలేదు, బిర్యానీ తినలేదు, ఉన్నన్ని రోజులూ కంప్యూటర్ తెర చూసి వచ్చానంటే, "దానికి అంత దూరం ఎందుకండీ, మీ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉన్నాయిగా తెరలు" అన్నారు. నిజమే, ఉన్నాయి. వాటిల్లో చూడ్డానికేమీ లేకే వెళ్ళాను.

నాది టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండు. ఒకప్పుడు మా మిషన్ల చప్పుడు భరించలేక పక్కవాటాలో అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారిపోయేవాళ్ళు. ఐటీ వచ్చాక చప్పుడు తగ్గింది, నేర్చుకునేవాళ్ళూ తగ్గారు. "కంప్యూటర్ ఉందా మేడమ్?" అని మెట్ల మీంచే అడిగి, లేదంటే మెట్ల మీంచే వెనక్కి పోయేవాళ్ళు. సరే అని, మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్లు కొన్నాను. వాటిల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ దొంగదని కొన్నాక తెలిసింది. అదే వారం పక్క ఊళ్ళో తనిఖీవాళ్ళొచ్చి ఎవరివో కంప్యూటర్లు ఆటోలో వేసుకుపోయారని వార్త. అసలుది కొందామంటే కంప్యూటర్ల కంటే దాని ఖరీదే ఎక్కువ. ఈలోగా మా ఇంటి ఓనరు నరసింహమూర్తిగారు రోజూ మెట్ల కింద నిలబడి, "ఈ వేసవి బ్యాచ్ కూడా రాకపోతే మొహమాటపడకుండా చెప్పండమ్మా, సెల్‌ఫోన్ల షాపువాళ్ళు గది అడుగుతున్నారు" అనేవారు. ఆయనకి నా మీద సానుభూతి చాలా ఎక్కువ.

మా అక్క కొడుకు చందు ఫోన్‌లో ఉపాయం చెప్పాడు. "లైనక్స్ వేసుకో పిన్నీ. ఉచితం. ఎవడూ వచ్చి అడగడు." చందు హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలో పని చేస్తున్నాడని మా అక్క చెప్పేది. వాళ్ళ పాలకొల్లులో ఆ సంగతి తెలియనివాళ్ళు ఇంకా పుట్టనివాళ్ళే.

"మరి డెస్క్‌టాప్ ఏది కావాలి?" అన్నాడు.

టేబుల్ మీద పెట్టేదేగా అన్నాను. కాదట. తెర మీద కనిపించే మెనూ, బొమ్మలు, అడుగున పట్టీ, కిటికీలు తెరుచుకునే తీరు, ఇదంతా కలిపి డెస్క్‌టాప్. మనం అలవాటు పడ్డ సాఫ్ట్‌వేర్‌లో కంపెనీవాడు ఏదిస్తే అదే. లైనక్స్‌లో మాత్రం అది విడి వస్తువు, చాలా రకాలుంటాయి, ఎవరిది వాళ్ళే ఎంచుకోవాలి. చీరతో పాటే బ్లౌజు ముక్క వస్తుందనుకున్నదాన్ని మాచింగ్ సెంటర్‌కి పంపించారన్నమాట. ఆ మాచింగ్ సెంటరు అమీర్‌పేటలో ఉంది.

అమీర్‌పేట: కాగితాల వాన

పొద్దున్నే బస్సు దిగాను. రోడ్డు దాటేలోపు నా చేతినిండా కరపత్రాలు. జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్. నాకు నలభై దాటాయి, ఒక చేతిలో ఆవకాయ సీసాల సంచి, రెండో చేతిలో గొడుగు. ఇవన్నీ చూస్తూ కూడా ఒకతను, "అక్కా, జావా ఫ్రెషరా, ఎక్స్‌పీరియెన్సా?" అన్నాడు. నా భవిష్యత్తు మీద అంత నమ్మకం మా ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ చూపించలేదు. కళ్ళు చెమర్చినంత పనయింది.

పైకి చూస్తే బిల్డింగులు కనిపించవు, బోర్డులే. బోర్డుల వెనకాల బిల్డింగులు ఉన్నాయో లేదో కూడా అనుమానమే. ప్రతి బోర్డు మీదా "రియల్ టైమ్ ఎక్స్‌పర్ట్" పాఠం చెప్తాడని రాసి ఉంది. మా ఊళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళు ఏ టైమ్‌లో ఉన్నట్టో మరి.

బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు పది రూపాయలు, మాకు ఆరే. చట్నీ మాత్రం నీళ్ళకి కొబ్బరికాయని దూరం నుంచి చూపించి తెచ్చినట్టుంది. అక్కడ అందరూ నిలబడే తింటారు, తింటూ జిరాక్స్ నోట్సు చదువుకుంటారు. నా పక్కన ఒకబ్బాయి దోసె తింటూ ఇంటర్వ్యూకి ప్రాక్టీసు చేస్తున్నాడు. "నాకు మూడేళ్ళ అనుభవం ఉంది" అని ఇంగ్లీషులో మెల్లగా అనుకున్నాడు. రెండో దోసె వచ్చాక "నాలుగేళ్ళు" అన్నాడు. దోసెకి ఏడాది చొప్పున. మూడోది చెప్పకుండానే వెళ్ళిపోయాడు, పాపం నిజాయితీపరుడు.

ఎస్.ఆర్. నగర్: మూడో మంచం

చందు నాకు ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో మంచం మాట్లాడాడు. హాస్టల్ చూసుకునే యాదమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "గీ వయసుల ఏం కోర్సక్కా?" అంది. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే, "అయితే ఏంది, సదువుకో. ఫికర్ చేయకు. నీళ్ళు పొద్దుగాల ఆరింటికొస్తయ్, జర జల్ది లేవాలె" అని తాళంచెవి చేతిలో పెట్టింది.

గదిలో ఇంకో ఇద్దరు అమ్మాయిలు. ఇద్దరిదీ టెస్టింగే. "మీదేం కోర్సు ఆంటీ?" అని అడిగితే, డెస్క్‌టాప్ ఎంచుకోవడానికి వచ్చానన్నాను. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "దానికి జాబ్స్ ఉన్నాయా?" అంది ఒకమ్మాయి, నోట్‌బుక్ తీస్తూ. హాస్టల్ పప్పు చూశాక ఆవకాయ సీసా బయటపెట్టాను. ఊరికి తిరిగి తీసుకెళ్ళడానికి సీసా మూత మిగిలింది.

సాయంత్రం చందు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. కార్డు వెనక్కి తిరిగి ఉంది. గాలికి తిరిగిందనుకున్నాను. "రేపు ఆదివారం పిన్నీ. పంజాగుట్టలో లైనక్స్ వాళ్ళు కలుస్తారు, తీసుకెళ్తాను. సోమవారం మాత్రం ఆఫీసు, కుదరదు."

"సోమవారం మీ ఆఫీసే చూపించరా. మీ అమ్మ చూసి రమ్మంది."

"సెక్యూరిటీ ఎక్కువ, లోపలికి రానివ్వరు" అన్నాడు, యాదమ్మ కుండీలోని తులసి మొక్కని చూస్తూ. దేశరక్షణకి సంబంధించిన పనేమో అనుకున్నాను.

పంజాగుట్ట: రెండు పక్షాలు

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి సిటీ బస్సెక్కాం. మేము ఎక్కినప్పుడు నడక మొదలుపెట్టిన ముసలాయన మాకంటే ముందే చేరి, ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ కనిపించాడు. మేమూ తాగాం. మా వైపు టీ అంటే వేడినీళ్ళ మీద నమ్మకం, ఇక్కడ పాయసం మీద నమ్మకం.

ఆ హోటలు పైన ఒక గదిలో లైనక్స్ వాళ్ళు కూర్చుంటారు. ప్లాస్టిక్ కుర్చీలు, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. నా సమస్య చెప్పగానే శ్రీధర్ అనే అతను నా కుర్చీని తన కంప్యూటర్ దగ్గరికి లాగాడు.

"చూడక్కా, గిది కేడీఈ. కింద గా బటన్ ఒత్తు, అన్నీ అండ్లనే ఉన్నయ్. రంగు మార్చుకో, పట్టీ పైకి పెట్టుకో, గడియారం సుత నీకెట్ల కావాల్నో గట్ల పెట్టుకో. మస్తు సెట్టింగులు."

అలవాటు కొద్దీ ఒక ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కాను. అదే ఫోల్డరు రెండుసార్లు తెరుచుకుంది. "ఒక్కసారే అక్కా, ఇండ్ల ఒక్క క్లిక్కే" అన్నాడు శ్రీధర్, చంటిపిల్లకి చెప్పినంత ప్రేమగా. గడియారం పెద్దది చేద్దామని సెట్టింగుల్లోకి వెళ్ళాను. ఒక గదిలోంచి ఇంకో గది, దాంట్లోంచి ఇంకోటి. తిరిగి బయటపడేసరికి అడుగున ఉండాల్సిన పట్టీ ఎడమ గోడకి అతుక్కుంది, కిటికీల అంచులు ఊదారంగుకి మారాయి. గడియారం మాత్రం అలాగే ఉంది.

"అందుకేనండీ, ఇలా రండి" అన్నారు ఎదురు కంప్యూటర్ దగ్గరున్న ప్రసాద్. మాట గుంటూరు వైపుది. "ఇది గ్నోమ్. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ. మీరేమీ మార్చుకోవాల్సిన పనే లేదు. అన్నీ ఆలోచించే పెట్టారు."

"నాకు మార్చాలనిపిస్తే?"

"ఎందుకనిపిస్తుందండీ?"

మా అత్తగారు వంటింట్లో డబ్బాల గురించి సరిగ్గా ఇదే ప్రశ్న అడిగేది. ఇక్కడ రెండుసార్లు నొక్కితేనే ఫోల్డరు తెరుచుకుంది, ప్రాణం లేచొచ్చింది. కాకపోతే లోపలి ఫోల్డరు ఇంకో కిటికీలో, దాని లోపలిది మరో కిటికీలో. నాకు కావలసిన ఫైలు దొరికేసరికి తెరంతా పెళ్ళి ఫొటోలు పరిచినట్టయింది.

ప్రసాద్ మెనూలన్నీ తెలుగులోకి మార్చి చూపించారు. ఫైలు అని ఉండాల్సిన చోట "దస్త్రం" అని ఉంది. ఫైలంటే రిక్షా అతనికి కూడా తెలుసు. దస్త్రం అంటే నాకు తహసీల్దారు ఆఫీసులో మంచినీళ్ళ కుండ గుర్తొచ్చింది. నవ్వుకుంటూనే "రాష్ట్రం" అని టైపు చేశాను. టైపు మిషను మీద ఆ మాట కొట్టాలంటే రోలరు పైకి కిందికి జరిపి, వత్తులు ఒకదాని నెత్తిన ఒకటి పడకుండా చూసుకునేవాళ్ళం. ఇక్కడ వత్తులు రెండూ వాటంతటవే వచ్చి ఎక్కడుండాలో అక్కడ కూర్చున్నాయి. ఆ ఒక్క క్షణం నేను వెటకారం మర్చిపోయాను.

"గది కేడీఈల సుత వస్తది" అన్నాడు శ్రీధర్ వెనకనుంచి.

అంతే, మొదలైంది. ఒకరు సౌలభ్యం అన్నారు, ఒకరు స్వేచ్ఛ అన్నారు. మధ్యలో ఎవరో అమెరికా వాళ్ళ పేర్లు వచ్చాయి. రెండూ ఉచితమే. ఉచితంగా వచ్చేదాని కోసం కొట్టుకోవడం మా ఊళ్ళోనూ ఉంది కానీ, అది అన్నదానం పంక్తిలో, ఆకలి మీద. చందు నా చెవిలో చెప్పాడు. వీళ్ళిద్దరూ యూసుఫ్‌గూడలో ఒకే గదిలో ఉంటారట, ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరట. పొద్దున ప్రసాద్ గ్నోమ్ పెట్టి ఆఫీసుకి వెళ్తే, సాయంత్రం శ్రీధర్ కేడీఈకి మార్చి పడుకుంటాడు. అన్నం మాత్రం ఒకే కుక్కర్‌లో.

కాస్త సందు దొరికాక, నా కంప్యూటర్ల మెమరీ ఎంతో చెప్పాను. ఫ్యాను చప్పుడు వినిపించింది. శ్రీధర్, ప్రసాద్ ఒకరినొకరు చూసుకున్నారు.

"కొత్తవి కొనుక్కోండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ రోజు రెండు పక్షాలూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

మళ్ళీ అమీర్‌పేట: ఉచిత డెమో

సోమవారం చందు ఆఫీసుకి వెళ్ళాడు. నేను ఖాళీ. మైత్రీవనం బిల్డింగు దాటి నడుస్తుంటే, ఒక మెట్లదారి దగ్గర "లైనక్స్, ఈ రోజే ఉచిత డెమో" అని బోర్డు కనిపించింది. ఉచితమన్నాక మెట్లెక్కకుండా ఉండలేని జిల్లా మాది. ఎక్కాను.

పై అంతస్తులో పొడుగాటి గది. కుర్చీలు నిండి గోడల వెంట జనం నిలబడ్డారు. ఒకమ్మాయి సర్దుకుని నాకు చోటిచ్చింది. "చందు సార్ సూపర్ చెప్తారు మేడమ్. పోయిన బ్యాచ్‌లో సీటు దొరకలేదు నాకు."

చందు అనే పేరు ఊరికొకటి ఉంటుంది. ఇలా అనుకుంటూ ఉండగానే, ఇస్త్రీ చొక్కాతో మా అక్క కొడుకు లోపలికొచ్చి మైకు అందుకున్నాడు. కార్డు ఈసారి ముందుకే తిరిగి ఉంది. దాని మీద ఆ ఇన్‌స్టిట్యూట్ పేరుంది.

"గుడ్ మార్నింగ్" అన్నాడు. అని, నన్ను చూశాడు.

వాడి మొహంలో రంగు పోయింది. నాకు కోపం వచ్చిందా అంటే, అప్పుడే రాలేదు. మొదట మా అక్క గుర్తొచ్చింది, వీధిలో నిలబడి హైటెక్ సిటీ అని చెప్పేటప్పుడు ఆవిడ తల పక్కకి వంచే తీరు. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. లేస్తే గదంతా నావైపు చూస్తుంది. వాడు మంచినీళ్ళు తాగాడు, బోర్డు వైపు తిరిగాడు, పాఠం మొదలుపెట్టాడు.

ఏం చెప్పాడండీ! ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నదాన్ని, ఒకరు చెప్తుంటే గడియారం చూడకుండా కూర్చోవడం నాకు చేతకాదు. అక్కడ కూర్చున్నాను. నిన్న శ్రీధర్, ప్రసాద్ కలిసి నా బుర్రలో కలగాపులగం చేసినదంతా వాడు విడదీసి ఆరేశాడు. లాగిన్ తెర దగ్గరే ఏ డెస్క్‌టాప్ కావాలో ఎంచుకునే చోటుందని చూపించాడు. గ్నోమ్‌లో ఒక ఉత్తరం టైపు చేసి దాచాడు. బయటికొచ్చి కేడీఈలోకి వెళ్ళి అదే ఉత్తరం తెరిచాడు.

"మీ ఫైళ్ళు ఎక్కడికీ పోవు. కింద ఉన్న లైనక్స్ అదే. నచ్చకపోతే లాగవుట్ అవ్వండి, ఇంకోటి చూడండి. వారం వాడితే గానీ ఏదీ తెలీదు. పక్కవాడు ఏది వాడుతున్నాడో చూసి మాత్రం ఎంచుకోకండి."

నవ్వారందరూ. వాడు నవ్వలేదు. "డౌట్స్ ఉన్నాయా?" అన్నాడు, నేను కూర్చున్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తూ.

చెయ్యెత్తాను. నా చుట్టూ ఉన్న పిల్లలు తలలు తిప్పారు. వాడికి చూడక తప్పలేదు.

"సార్" అన్నాను, "నా దగ్గరున్నవి పాత కంప్యూటర్లండి. మెమరీ తక్కువ. కొత్తవి కొనే స్తోమత లేదు. వాటికేది బాగుంటుంది?"

వాడు మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత, "మంచి ప్రశ్న మేడమ్" అన్నాడు. మూలన దుమ్ము పట్టిన పాత మిషను ఆన్ చేసి, తెరని మావైపు తిప్పాడు. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడోది. మెనూ దగ్గర ఎలుక బొమ్మ. ఖైరతాబాదు వినాయకుడికి ఇంత దగ్గర్లో ఎలుకని నమ్మకపోతే ఎలా అనిపించింది. "ఇది చూపులకి అంత గొప్పగా ఉండదు. కానీ పాత మిషను మీద కూడా పిలిస్తే పలుకుతుంది" అన్నాడు. పలికింది. నొక్కగానే కిటికీ తెరుచుకుంది, మూయగానే మూసుకుంది. ఆ నొక్కడానికీ తెరుచుకోవడానికీ మధ్య మా తణుకు మిషన్లలో కాఫీ తాగి రావచ్చు.

కర్రీ పాయింట్

అమీర్‌పేటలో కూరలు ప్లాస్టిక్ కవర్లలో అమ్ముతారు. గదుల్లో ఉండేవాళ్ళు అన్నం మాత్రం వండుకుని, కూర, పప్పు, పెరుగు విడివిడిగా కొనుక్కుంటారు. మా వైపు ఇంట్లో కూర వండలేదని తెలిస్తే నలుగురూ వచ్చి ఒంట్లో బాగాలేదా అని పరామర్శిస్తారు. చందు బెండకాయ వేపుడు, పప్పు కొన్నాడు, అన్నం గదిలో వండి డబ్బాలో తెచ్చుకున్నదే. ఇన్‌స్టిట్యూట్ డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాం.

"ఎప్పట్నుంచిరా?"

"మొదట్నుంచీ." కవరు ముడి విప్పుతూ చెప్పాడు. కంపెనీలో ఉద్యోగం వచ్చిన మాట నిజమే. చేరాల్సిన వారంలో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది, రావద్దన్నారు. "అమ్మకి చెబుదామని ఫోన్ చేశాను పిన్నీ. అప్పటికే వీధంతా లడ్డూలు పంచేసింది. ఒక్కొక్కళ్ళూ ఏమన్నారో చెప్తోంది. ఎలా చెప్పను?"

"తర్వాతైనా ఇంకో ఉద్యోగం చూసుకోవాల్సింది."

"అదే కదా. ఇది నాకు నచ్చింది. నచ్చకపోతే ఎప్పుడో చూసుకునేవాణ్ణి." వేపుడు కవరు నావైపు జరిపాడు. "వచ్చే నెల అమ్మ ఆఫీసు చూడ్డానికి వస్తానంటోంది. పక్కింటి వాళ్ళని కూడా తీసుకుని."

"పాఠాలు చెప్పడం తప్పురా? నేను చేస్తున్నదీ అదేగా. మీ అమ్మ నన్నెప్పుడైనా చిన్నచూపు చూసిందా?"

వాడు పప్పు కలుపుకోవడం ఆపాడు. "లేదు పిన్నీ. నిన్ను తలుచుకుని జాలిపడుతుంది."

ఆ సంగతి నాకు తెలియక కాదు. ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. ఈ ప్రయాణమంతా ప్రతిదానికీ ఒక మాట అంటూ వచ్చినదాన్ని, ఆ డాబా మీద ఒక్క మాటా దొరకలేదు. బెండకాయ వేపుడు బాగుందన్నాను. బాగానే ఉంది కూడా.

చేయి కడుక్కున్నాక, "మీ అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పు. నేను పక్కన ఉంటాను" అన్నాను. వాడు తల ఊపాడు. ఆ మధ్యాహ్నమంతా నాకు లైనక్స్ సీడీలు కాపీ చేసిచ్చాడు, పాత మిషను మీద నా చేతే దాన్ని మొదట్నుంచీ ఎక్కించాడు. తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు ఎలా పెట్టాలో చూపించాడు. నేను తప్పు చేసిన ప్రతిసారీ "పర్లేదు మేడమ్" అన్నాడు, అలవాటులో.

ఊరొచ్చాక ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పాత మిషన్లన్నిటికీ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. వేసవి బ్యాచ్‌కి మెట్లనిండా చెప్పులే. కాస్త మెమరీ ఎక్కువున్న మిషను ఒకటుంటే, దాంట్లో గ్నోమ్, కేడీఈ రెండూ పెట్టాను. వారం తిరక్కుండానే మా ఇన్‌స్టిట్యూట్‌లోనూ రెండు పక్షాలు తయారయ్యాయి. నరసింహమూర్తిగారు సెల్‌ఫోన్ల షాపు మాట మానేసి, అద్దె పెంచుతానంటున్నారు. ఆయన సానుభూతి అయిపోయింది.

పంజాగుట్ట: బస్సు ఎక్కేముందు

మంగళవారం సాయంత్రం పంజాగుట్టలో బస్సు కోసం నిలబడ్డాం. బస్సొచ్చి ఆగింది, క్లీనరు విజయవాడ, ఏలూరు, తణుకు అని అరుస్తున్నాడు. చందు నా సెల్‌ఫోను అడిగాడు. తన ఫోను ఉండగా నాదెందుకంటే, "నీ నంబరు చూస్తే వెంటనే ఎత్తుతుంది" అన్నాడు. ఇది కూడా ఒక రకం ధైర్యమే.

"అమ్మా, నేనే. ఒకటి చెప్పాలి. నేను కంపెనీలో చెయ్యట్లేదు. ఇక్కడ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్తున్నాను. మొదట్నుంచీ అంతే."

మా అక్క గొంతు మామూలుగా ఫోను అవసరం లేకుండానే పాలకొల్లు నుంచి వినిపిస్తుంది. ఇప్పుడేమీ వినిపించలేదు. చాలాసేపటికి, "పిన్ని పక్కనుందా? దానికివ్వు" అంది.

తీసుకున్నాను.

"నిజమేనా వీడు చెప్పేది?"

"నిజమే. వెళ్ళి క్లాసులో కూర్చున్నాను."

"అంటే... నీలాగా?"

"నాలాగే."

క్లీనరు నా సంచి లోపల పడేశాడు. "బాగా చెప్తాడా?" అంది అక్క.

వెటకారంగా ఏదో ఒకటి అనడం నాకు క్షణం పని. రాలేదు. "నాకంటే బాగా చెప్తాడక్కా. నిలబడ్డానికి కూడా చోటుండదు."

ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, "రోజుకి ఎంతసేపు చెప్తాడు?"

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా."

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకానా? గొంతు ఏమైపోతుందే? మిరియాల పాలు తాగమను. వాడికివ్వు, నేనే చెప్తాను."

ఫోను వాడికిచ్చి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే, ఆ రణగొణధ్వనిలో ఒక చెవి మూసుకుని, "ఊఁ అమ్మా, ఊఁ" అంటూ నిలబడ్డాడు. బస్సు కదిలితే చెయ్యి ఊపాను. వాడు చూడలేదు. నా ఫోను వాడి దగ్గరే ఉండిపోయిందన్న సంగతి చౌటుప్పల్ దాటాక గుర్తొచ్చింది.